భావనపాడు వెళ్లొచ్చిన కుర్చీ

రైల్లో జనం మంచినీళ్ల కూజా పట్టుకెళతారు, పరుపుచుట్ట పట్టుకెళతారు. మేం కుర్చీ పట్టుకెళ్లాం. మామూలు కుర్చీ కాదు. చేతుల మీద చెక్కిన పువ్వులు, ఎర్ర ముఖమల్ దిండు, మోయడానికి ఇద్దరు కావాలి. విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో ఉన్న మా ఫొటో స్టూడియోలో ఆ కుర్చీ లేకుండా ఏ దంపతులూ ఫొటో దిగేవారు కాదు.

అరవైలు ముగిసే రోజుల మాట. బోర్డు మీద పేరు మా ఆయనది, కెమెరా మీద చెయ్యి మా ఆయనది. చీకటిగదిలో ఫొటోలు కడగడం, ఆరబెట్టడం, నెగెటివ్ మీద పెన్సిలుతో మొహాల మచ్చలు సర్దడం నా పని. మా ఆయన బరంపురంలో గురువుగారి దగ్గర పని నేర్చుకున్నారు. ఆ గురువుగారు చెప్పిన సూత్రం ఒకటుంది. మగవాడు కూర్చోవాలి, ఆడది పక్కన నిలబడాలి. "చెయ్యి కుర్చీ మీద వేసి, గడ్డం కొంచెం పైకెత్తండి" అని మా ఆయన ప్రతి ఇల్లాలికీ ఒకే గొంతుతో చెప్పేవారు. మా పెళ్లిఫొటోలో నేనూ అలాగే నిలబడ్డాను. అందులో నా మొహం గంటుపెట్టుకున్నట్టుంటుంది. ఆ మొహాన్ని మాత్రం నేను పెన్సిలుతో సర్దలేదు, అలాగే ఉండనిమ్మన్నాను.

సముద్రపొడ్డున ఉన్న భావనపాడు నుంచి ఎండుచేపలు తెచ్చి మా ఊళ్లో అమ్మే అప్పన్న కూతురికి పెళ్లి కుదిరింది. పెళ్లి ఫొటోలతోబాటు తన అమ్మానాన్నలకి కూడా ఒకటి తీయాలన్నాడు. డెబ్బై ఏళ్లొచ్చినా వాళ్లకి ఒక్క ఫొటో లేదట. వాళ్లమ్మ ఈమధ్య రెండుసార్లు మంచం పట్టి లేచిందట. అప్పన్న ఆ మాట నేల చూస్తూ చెప్పాడు.

పొద్దున్న అయిదూ నలభైకి పాసింజరు ఎక్కాం. కుర్చీని తలుపు పక్కన పెట్టి అందులో మా ఆయన కూర్చున్నారు. నేను ట్రంకుపెట్టె మీద కూర్చున్నాను. నన్ను అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు, అలవాటు మరి. టికెట్ కలెక్టరు వచ్చి కుర్చీకి లగేజి కట్టారా అన్నాడు. మా ఆయన లేచి రసీదు చూపించారు. ఆ పెద్దమనిషి రసీదు చదువుతూ చదువుతూ ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నాడు, చీపురుపల్లి దాకా లేవలేదు.

నెల్లిమర్లలో జూట్ మిల్లు రాత్రి షిఫ్టు దిగినవాళ్లు ఎక్కారు. ఒళ్లంతా నార పీచు, కళ్లనిండా నిద్ర. వాళ్లలో ఒకాయన టికెట్ కలెక్టర్ని చాలాసేపు చూసి, "ఈ రైలుకి పెళ్లికొడుకేటమ్మా ఈ బాబు?" అని నన్నడిగాడు. నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఇడ్లీలు తిన్నాం. చట్నీలో నీళ్లెక్కువ, కాఫీ మాత్రం బాగుంది. ఇటు వచ్చేవాళ్లు కాఫీయే తాగండి. పదిన్నరకి నౌపడలో దిగాం. ఉప్పుమళ్లు ఎండకి తెల్లగా మెరుస్తుంటే మా ఆయన చేత్తో కళ్లు కప్పుకుని, ఇంత వెలుతురు మన స్టూడియోలో ఉంటేనా అన్నారు. అక్కణ్ణుంచి ఎడ్లబండి. కుర్చీని బండిలో నిలబెట్టి తాళ్లతో కట్టాం. దారిపొడుగునా జనం దానికి దణ్ణం పెట్టాలా వద్దా అని తటపటాయించారు.

ఒంటిగంటకి భావనపాడు చేరాం. పెళ్లి తెల్లవారుజామునే అయిపోయింది. ఫొటోలకి పగటి వెలుతురు కావాలని మేం ముందే చెప్పి ఉంచాం. చేపల పులుసుతో భోజనం పెట్టారు. మా ఆయన మూడోసారి అన్నం వడ్డించుకుంటుంటే, ఊరందరికీ మిగలాలి కదా అని గిల్లాను.

సరుగుడు చెట్ల నీడలో తెరచాప కట్టి, దాని ముందు కుర్చీ వేశాం. కాళ్లు ఇసకలో దిగిపోతుంటే కింద తెప్ప చెక్క వేశారు. మొదట పెద్దవాళ్లని పిలిచాం. అప్పన్న తల్లి పోలమ్మ వచ్చింది. బక్కపలచటి మనిషి, నడినెత్తిన జుట్టు లేదు, చేపల బుట్ట మోసీ మోసీ అరిగిపోయిందట. మొగుడు గురయ్య చెయ్యెత్తు మనిషి. మా ఆయన గురయ్యని కుర్చీలో కూర్చోమని, పోలమ్మకి తన మంత్రం వినిపించారు. చెయ్యి కుర్చీ మీద, గడ్డం పైకి.

పోలమ్మ కదల్లేదు.

"నానెందుకు నిలబడాల బాబూ? నలభై ఏళ్లు బుట్ట నెత్తినెట్టుకుని ఈది ఈదినా నిలబడ్డాను. ఉన్నదొక్క పొటో. నాను కూకుంటాను, ఆడు నిలబడతాడు" అంది.

జనం గొల్లుమన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వెనక ఎవరో అన్నారు. గురయ్య మొహం ఎర్రబడింది. పెళ్లాం కుర్చీలో కూర్చుంటే తాను పక్కన కాపలా కాయాలా అని అడిగాడు. మా ఆయన గురయ్య వైపే. అలాంటి ఫొటో కింద మా స్టూడియో ముద్ర పడితే విజయనగరంలో తలెత్తుకోలేమని నా చెవిలో చెప్పారు. కుర్చీ లేకపోతే ఫొటో వద్దని పోలమ్మ ఇంటివైపు నడిచింది. అప్పన్న ఏడుపు మొహంతో నన్ను చూశాడు. ఆవిడ రెండుసార్లు మంచం పట్టి లేచిన సంగతి నాకు గుర్తొచ్చింది. ఆవిడ మీద జాలేసింది, మా ఆయన మీద ఒళ్లు మండింది. ఆ రెండూ కలిసినప్పుడు నా నోటికి అబద్ధం సులువుగా వస్తుంది.

గురయ్య దగ్గరికెళ్లి అందరికీ వినబడేట్టు చెప్పాను. "తాతా, మోకాళ్లు చెడిపోయిన మగాళ్లనే మేం కుర్చీలో కూకోబెడతాం. నీకు నొప్పులని నాకెవరూ సెప్పలేదు. సిగ్గుపడకు, కూకో."

గురయ్య నన్ను ఒక్క క్షణం చూశాడు. తలపాగా సర్దుకుని, ఛాతీ విరిచి కుర్చీ పక్కన నిలబడ్డాడు. "నాకేటి నొప్పులు? అదే కూకుంటాది" అన్నాడు. పోలమ్మ వెనక్కి వచ్చి కూర్చుంది. కాళ్లు నేలకి అందలేదు. దిండు మీద అరచేయి వేసి రెండుసార్లు నిమిరింది. మా ఆయన నావైపు కళ్లురిమి చూసి, చేసేదిలేక మీట నొక్కారు.

అసలు కథ అక్కణ్ణుంచి మొదలయింది. పెళ్లికొడుకు కుర్చీ ఎక్కనన్నాడు. కొత్త పెళ్లాం ముందు మోకాళ్లు చెడిపోయినవాడిలా ఎవడు కూర్చుంటాడు? పెళ్లికూతురే కూర్చుంది. బావమరుదులు నిలబడ్డారు, మేనమామలు నిలబడ్డారు. కర్ర పొడుచుకుంటూ వచ్చిన కులపెద్ద కూడా కర్రని పక్కవాడి చేతికిచ్చి నిలబడి ఊగసాగాడు. ఊగితే ఫొటో చెదురుతుందని మా ఆయన మొత్తుకుంటే తల ప్రాణం తోకకొచ్చింది తప్ప ఆ పెద్దాయన కూర్చోలేదు. ఆడవాళ్లు మాత్రం ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. ఒకావిడ దిగనని మొండికేస్తే, ఫిల్ము అయిపోయిందని నేను ఇంకో అబద్ధం ఆడాను.

నాలుగున్నరకి బండి కట్టారు. అప్పన్నతోబాటు గురయ్యే స్వయంగా కుర్చీని ఎత్తి బండిలో పెట్టాడు. పెట్టి, చక్రం పట్టుకుని కాసేపు వంగిపోయాడు. ఏమయింది తాతా అన్నాను.

"నా మోకాళ్లు పదేళ్లయి నొప్పులేనమ్మా" అన్నాడు నెమ్మదిగా. "అది కుర్సీలో కూకుంటే సూడాలని నాకూ ఉన్నాది. ఊరోళ్లకో సాకు కావాల గదా. నువ్విచ్చినావు."

మా ఆయన బండి అవతలి పక్క తాళ్లు కడుతున్నారు. ఆయన చెయ్యి ముడి దగ్గర ఆగిపోవడం చూశాను.

నౌపడ చేరాం. ఏడింటి బండి కిటకిటలాడుతూ వచ్చింది. ఎలాగో ఎక్కి తలుపు పక్కన కుర్చీ వేశారు. నేను అలవాటుగా ట్రంకుపెట్టె మీద కూర్చోబోయాను.

"అక్కడ కాదు, ఇందులో కూర్చో" అన్నారు.

"మీ మోకాళ్లు బాగున్నాయా?" అన్నాను.

"బాగానే ఉన్నాయి."

కూర్చున్నాను. ఆ దిండుని నేను ఎన్నోసార్లు దులిపాను, కుట్టాను. మెత్తగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. పొందూరులో ఒకతను దిగుతూ మా ఆయనకి బెంచీ మీద చోటు చూపించాడు. అక్కర్లేదన్నారు. విజయనగరం ఇంకా గంట దూరం. ఉప్పుగాలికి ఆయన జుట్టంతా రేగిపోయి, ఎటు చూడాలో తెలియక దీపం కేసి చూస్తూ నిలబడ్డారు. నాకాయన మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది. అయినా నోరు ఊరుకోదు కదా.

"చెయ్యి కుర్చీ మీద వేసి, గడ్డం కొంచెం పైకెత్తండి" అన్నాను.

వేశారు. ఎత్తారు.