ఒరిజినల్స్ ఇచ్చే ముందు

బతుకంతా బస్సులో టికెట్లు కొట్టినవాడికి మనుషుల మీద నమ్మకం పెద్దగా మిగలదు. మీసాలు మొలుస్తున్న కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని "ఈనికింకా అరటికెట్టే అప్పా" అన్న తల్లుల్ని చూశాను. నన్ను చూడగానే గురకపెట్టే పెద్దమనుషుల్ని చూశాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య నా చేతికి దొరక్కుండా దిగిపోయిన దొంగ ప్రయాణికుడు లేడని మా వీధిలో చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే. నిజానికి దొరికినవాళ్లకంటే దిగిపోయినవాళ్లే ఎక్కువ. అయినా అనుమానం మాత్రం ఇప్పటికీ డ్యూటీలోనే ఉంది.

నా కూతురి కూతురు జి.ఎన్.ఎం. చదివింది. మూడేళ్ల నర్సింగు డిప్లొమా అది. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. దాని మీద బి.ఎస్సీ. నర్సింగు కూడా చేసి, నర్సింగు స్కూల్లో పాఠాలు చెప్పాలని ఆ పిల్ల ఆశ. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టింది.

"తాతా, జమ్మలమడుగు దాటినాక కొత్తగా కాలేజీ పెట్టినారంట. డిప్లొమాలో నేను చదివిందంతా డిగ్రీలో కలిపేస్తారంట. ఏడాదిలో అయిపోతాదంట. ఉద్యోగం మానే పని లేదు, పరీక్షలకు పోతే చాలంట."

"అంట, అంట, అంట. ఎవురు చెప్పినారు?"

"ఆ కాలేజీ ఆయప్పే మా ఆసుపత్రికొచ్చి చెప్పినాడు."

"కాలేజీవోడు పిల్లోళ్లను ఎతుక్కుంటా తిరుగుతాండాడంటే యాడో తేడా ఉండాది."

"నీకు దేవుడొచ్చినా అనుమానమే. టికెట్టు యాడ అంటావు."

పులివెందులలో ఇంకో కాలేజీ ఉంది. అక్కడ చేరితే ఉద్యోగం మానుకుని రెండేళ్లూ రోజూ పోవాలి. ఒకపక్క జీతం వస్తూ ఏడాది, ఇంకోపక్క జీతం లేకుండా రెండేళ్లు. ఎవరైనా ఏది ఎంచుకుంటారు? జమ్మలమడుగు కాలేజీవాళ్లు సోమవారం ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి ఇమ్మన్నారు. నాకు గుబులు పుట్టింది అక్కడే. మా వైపు ఒరిజినల్స్ ఒకసారి కాలేజీ బీరువాలోకి పోయాయంటే, మొత్తం చదువు ఫీజు కడితే తప్ప బయటికి రావు. మానేస్తానన్నా ఇవ్వరు. అవి చేతిలో లేకపోతే ఇంకో కాలేజీలో చేరడానికి లేదు, ఇంకో ఆసుపత్రిలో పనీ దొరకదు.

కాలేజీని అడిగితే కాలేజీ మంచిదనే చెబుతుంది. నేను బస్సు స్టాపును అడుగుతాను. ఆసుపత్రి ఉన్న స్టాపు దూరం నుంచే తెలిసిపోతుంది. ఫ్లాస్కులు పట్టుకుని దిగేవాళ్లు, క్యారియర్లు మోసుకొచ్చేవాళ్లు, ఎదురుగా బ్రెడ్డు అంగడి, అరటిపండ్ల బండి ఉంటాయి. నర్సింగు కాలేజీకి అనుమతి రావాలంటే రోగులుండే ఆసుపత్రి ఉండాలి. ఈ జమ్మలమడుగు కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందని, దాని నిండా రోగులేనని చెప్పుకుంటున్నారు. రిటైరైనవాడి పాసు జేబులో పెట్టుకుని ఒకరోజు పోయాను. ఆ స్టాపులో దిగింది నేనొక్కణ్ణే. అరటిపండు కాదు గదా, తొక్క కూడా కనపడలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవురు గావాల" అన్నాడు. "రోగులు గావాల" అన్నాను. నా పరాచికం అతనికి నచ్చలేదు. లోపలికి వదల్లేదు.

శుక్రవారం మళ్లీ బస్సెక్కాను. జమ్మలమడుగు బస్టాండులో ఆడకూలీల గుంపొకటి ఎక్కింది. ఆడవాళ్లకు ఇప్పుడు డబ్బుల్లేని సున్నా టికెట్లే కాబట్టి వాళ్ల మేస్త్రి తనకొక్కడికే టికెట్టు తీసుకుని, "వీళ్లందురూ ఆసుపత్రి కాడ" అన్నాడు కండక్టరుతో. నేను తల తిప్పి చూశాను. కలుపుకు పోయేవాళ్లయితే చేతుల్లో పనిముట్లుండాలి. అవి లేవు. ఆసుపత్రికి పోయేవాళ్లయితే గుంపులో ఒక్కరైనా మూలగాలి. ఒక్కరూ మూలగడం లేదు. అందరూ ఉతికిన చీరలు కట్టుకుని, తలలు దువ్వుకుని, పెండ్లికి పోతున్నట్టున్నారు.

పక్క సీటులో కూర్చున్నామెను అడిగాను.

"యా పనికి పోతాండారమ్మా?"

"పండుకునే పనికి మామా."

వెనక సీటు కిసుక్కుమంది. నా ముఖం చూసి ఆమె జాలిపడినట్టుంది.

"నిజమే మామా. పొద్దు మునిగేదాకా ఆసుపత్రిలో మంచం మీద పండుకోవాల. ఎవురో పెద్ద సార్లు తనిఖీకి వస్తాండారంట. కూలీ ఇస్తారు, అన్నమూ పెడతారు. ఎండలో వంగేదానికన్నా నయం కదా."

"మరి జబ్బేందని చెప్పమన్నారు?"

"నాకు కడుపునొప్పి. ఆ పాపకు ఆయాసం. మా ఆడబిడ్డకు కాలు ఇరిగిందంట, కట్టు గూడా కడతారంట."

ఆడబిడ్డ ముఖం ముడుచుకుంది. "నాకు గూడా కడుపునొప్పే ఇయ్యమంటే ఇయ్యల్యా. కాలికి కట్టుంటే ఒంటికి పోయేదెట్లప్పా? ఎవురు ఎత్తుకుపోతారు?"

ముందు సీటు నుంచి మేస్త్రి గదమాయించాడు. "ఏయ్, నోర్లు మూసుకోండి. ఆ ముసిలాయప్ప ఎవురో ఏమో."

"నేనెవురైతే ఏందప్పా, నాకూ ఒక మంచం చూడు. నాకు నిజంగానే మోకాళ్లనొప్పులుండాయి" అన్నాను.

"మొగోళ్ల వార్డు నిండిపోయింది పెద్దాయనా" అన్నాడు, నవ్వకుండా.

ఆసుపత్రి స్టాపులో వాళ్లు దిగిపోయారు. ముందున్న ఊళ్లో దిగి, ఎదురొచ్చిన బస్సు పట్టుకుని ఇంటికొచ్చాను. చూసింది చూసినట్టు చెప్పి ఉంటే సరిపోయేది. నా నాలుక అలాంటిది కాదు. మనవరాలిని కూర్చోబెట్టి, రెండు బస్సుల జనాన్ని దించారన్నాను. వాచ్‌మన్‌ను పక్కకు తోసి లోపలికి పోయానన్నాను. మంచాలకు అంగడి చీటీలు కూడా ఊడలేదన్నాను. తనిఖీకొచ్చిన ఆఫీసరును నిలదీస్తే ఆయన నీళ్లు నమిలాడన్నాను.

ఆ పిల్ల అంతా విన్నది. "ఎన్నో అంతస్తులో చూసినావు తాతా ఆ మంచాలు?" అంది.

"రెండో అంతస్తులో."

"ఆ ఆసుపత్రికి ఉండేదే ఒక అంతస్తు. పోయిన వారం నేను పోయి బయటినుంచి చూసొచ్చినా."

లేచి సర్టిఫికెట్ల కవరు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. సోమవారం డ్యూటీ దిగి అట్నుంచే అటు పోతుందన్నమాట. టికెట్టు లేకుండా దొరికిపోయినవాడి ముఖం ఎట్లా ఉంటుందో అట్లా ఉండి ఉంటుంది నా ముఖం.

"గేటు దాటల్యా" అన్నాను.

"ఆఁ?"

"లోపలికి పోలేదు. మంచాలు చూడల్యా. రెండు బస్సులు కాదు, ఒక బస్సే. అదీ ఎనక సగం."

"ఆఫీసరు?"

"ఆయప్ప ఎట్లుంటాడో గూడా తెల్దు."

"మరి నువ్వు చూసిందేంది తాతా?"

"కాలు ఇరగకుండానే కట్టు కట్టించుకునేదానికి పోయే ఆడమనిషిని చూసినా. కట్టుతో ఒంటికి పోయేదెట్లని బాధపడతాండాది."

ఆ పిల్ల జిప్పు వేస్తున్న చెయ్యి ఆగింది.

"ఆ మాట ఆమే అనిందా?"

"నా పక్కనే అనింది."

"ఇది నువ్వు అల్లింది కాదు" అంది. "కాలికి కట్టు కడితే ఎవురైనా మొదట మమ్మల్ని అడిగేది అదే. డాక్టరును అడగరు, సిగ్గుపడతారు. మమ్మల్నే అడుగుతారు."

అప్పటికప్పుడే ఆ కాలేజీ ఆయనకు ఫోను చేసింది. నాకూ వినపడేట్టు స్పీకరు పెట్టింది. తన డిప్లొమాను ఒక ఏడాది చదువుగా లెక్కేస్తే నర్సింగు కౌన్సిలు ఒప్పుకుంటుందా అని అడిగింది. "అయ్యన్నీ మేం చూసుకుంటాం మేడం" అన్నాడు. ప్రాక్టికల్స్ ఏ వార్డులో అని అడిగింది. "మీరు రాకపోయినా మార్కులు పడతాయి మేడం" అన్నాడు, అదేదో వరమిస్తున్నట్టు. ఫోను పెట్టేసింది.

"ఇట్ల చదివి, రేపు నేను పిల్లోళ్లకు ఏం చెప్పాల తాతా?"

సోమవారం ఇద్దరం పులివెందుల బస్సెక్కాం. కవరు ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా కిటికీలోంచే చూసింది. అక్కడి ప్రిన్సిపాలమ్మ మమ్మల్ని కూర్చోమనైనా అనలేదు. ఆమె మీద కూడా నాకు అనుమానమే కలిగింది.

"డిప్లొమాలో ఈ సబ్జెక్టులన్నీ చదివినా మేడం. కొన్నైనా తీసేసేదానికి కుదురుతాదా?" అని అడిగింది మా పిల్ల.

"నీకు డిప్లొమా ఉంది కాబట్టే నాలుగేళ్ల డిగ్రీని రెండేళ్లలో చేస్తావు. అంతకుమించి కలిపేదేమీ లేదు. అన్నీ మళ్లీ చదవాలి."

"నైట్ డ్యూటీలు చేసుకుంటా వస్తే?"

"రెండూ కుదరవమ్మా."

నా నోరు ఊరుకోలేదు. "మీ ఆసుపత్రి మంచాల మీద ఉండేవాళ్లు నిజంగా జబ్బు మనుషులేనా మేడం?" అన్నాను. మనవరాలు నా కాలు తొక్కింది.

"పోయి చూసుకోండి పెద్దాయనా" అంది ప్రిన్సిపాలమ్మ.

పోయాను. మగవాళ్ల వార్డు గుమ్మంలో నిలబడి ఎవరు నటిస్తున్నారా అని ఒక్కొక్కరి ముఖమే పరిశీలిస్తున్నాను. మూలనున్న మంచం మీది ముసలాయన చెయ్యెత్తి పిలిచాడు.

"ఏమప్పా, ఊరికే నిలబడుకోకపోతే ఈ గ్లూకోజు బాటిలు పట్టుకోరాదా? దొడ్డికి పోవాల. మావాడు టీకని పోయి రాలేదు."

అనుమానించడానికి వ్యవధి లేదు. ఆయన అప్పటికే కాళ్లు కింద పెట్టాడు. స్టాండు నుంచి బాటిలు తీసి ఆయన వెనకే నడిచాను. ఆయన నడక మహా మెల్లగా ఉంది. నా చెయ్యి లాగుతోంది, భుజం దిగుతోంది. వరండా మధ్యలో ఎవరో వెనకనుంచి నా మోచేతిని పట్టుకుని పైకెత్తారు.

"ఇంకా పైకి తాతా. కిందికి దించితే ఆయన రక్తం పైపులోకి ఎక్కుతాది."

మనవరాలు. చేతిలో సర్టిఫికెట్ల కవరు లేదు, ఆఫీసులో ఇచ్చేసి వచ్చినట్టుంది. నా చేతిలోంచి బాటిలు తీసుకుని, ఇంకో చేత్తో ఆ ముసలాయన చంక కింద పట్టుకుంది.