నీళ్లకింది ఊరి ఎత్తు

సర్వే వాళ్ల పటం పాత షీటులో ఉండి కొత్త షీటులో లేనివి ఇవి: ఊళ్లు ఏడు, బావులు పంతొమ్మిది, కాలిబాటలు పదకొండు, వాగు దాటే రేవులు నాలుగు, ఒక వారపు సంత. కొత్త షీటులో వీటన్నిటి మీదా ఒకటే నీలం రంగు. అది విశాఖ కొండల్లో కట్టిన జలాశయం. ఆ ఏడింటిలో ఒకటి మా ఊరు. ఖాళీ చేసినప్పుడు నాకు మూడేళ్లు, అక్కకి పన్నెండు.

పాత షీటు నాకు దరియాగంజ్ ఆదివారం బజారులో, పాత పుస్తకాల మధ్య దొరికింది. అప్పటికి నేను గుర్‌గావ్‌లో ఒక కంపెనీ లెక్కలు చూస్తూ, మునిర్కాలో ఒక గదిలో ఒక్కడినే ఉంటున్నాను. పటాన్ని అంతసేపు చూస్తుంటే అమ్మేవాడికి నవ్వొచ్చింది. “అరే భాయ్‌సాబ్, ఇస్‌మే న సడక్ హై న షహర్!” రోడ్డూ లేదు, పట్నమూ లేదు, నీకెందుకని.

“మేరా ఘర్ హై,” ఇందులో మా ఇల్లుంది అన్నాను.

“తో కిరాయా కౌన్ దేతా హై?” అద్దె ఎవరు కడుతున్నారని పక్క దుకాణంవాడు అందుకున్నాడు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వారంలో ఆఫీసు పని కాకుండా నేను ఇంకొకరితో మాట్లాడింది అదే.

పటాలు చదవడం నాకెవరూ నేర్పలేదు. అదే బజారులో కొన్న బడి పుస్తకం చూసి నేర్చుకున్నాను. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గోధుమరంగు గీతలుంటాయి, గీతకీ గీతకీ మధ్య యాభై అడుగుల ఎత్తు తేడా. షీటును మంచానికి ఎదురుగా గోడకి అంటించాను. కింది గదిలో ఉండే తెలుగు కుర్రాడు ఒకసారి అగ్గిపెట్టె కోసం వచ్చి, “ఇదెవరి వేలిముద్ర అంకుల్?” అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయాడు.

ఈ గీతలతో నాకు పడిన పని ఒకటే. మా అమ్మ ఆ ఊళ్లోనే పోయింది. మా ఆచారం ప్రకారం ఇంటి వెనక ఆమె పేర రాయి నిలబెట్టారు. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్న అక్కకి, వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు ఆ రాయి బయటపడేలా ఉంటే పడవ మాట్లాడుకుని వెళ్లి, దాని ముందు ఇంత అన్నం పెట్టి రావాలని ఉంది. బయటపడదంటే కాలనీలోనే కొత్త రాయి నిలబెట్టాలి. కొత్తది నిలబెట్టాక పాతదాని దగ్గరికి వెళ్లకూడదు. అందుకే ఆమెకి ముందు లెక్క తెలియాలి.

ఆనకట్ట గోడ మీది అంకెలు ఎవరిచేతో చదివించి, వేసవిలో నీళ్లు ఎంతకి దిగుతాయో అక్క ఫోనులో చెప్పింది: 2,690 అడుగులు. షీటులో మా ఊరి పేరు పక్కన ఇళ్లకి గుర్తుగా ఉన్న నల్లచుక్కలు సరిగ్గా 2,700 గీత మీద ఉన్నాయి. రెండుసార్లు సరిచూసుకుని ఫోను చేశాను.

“అక్కా, పది అడుగులు పైనే ఉంది. బయటపడుతుంది.”

“ఏ కాడ చూసేవురా?”

“వాగు వంపు తిరిగే చోట, గట్టు మీద.”

“అది పాతూరు కదరా తమ్ముడూ. మనం పుట్టక ముందే జొరాలొచ్చి మనుషులు పోతే, ఆ చోటొగ్గేసి ఇవతలకొచ్చి ఇళ్లు కట్టుకున్నారు. ఊరి పేరొక్కటే ఎంట తెచ్చుకున్నారు.”

కొండల్లో అది మామూలే. చావులు ఎక్కువైతే ఊరే చోటు మార్చేది. సర్వే వాళ్లు వచ్చి వెళ్లింది అంతకు ముందు. మేము పుట్టిన చోట షీటులో ఉన్నది ఆకుపచ్చ అడవి.

“పాతూరికి మన ఊరెంత దూరం?”

“కేకేస్తే ఇనపడీది.”

“ఎగువకా, దిగువకా?”

“పాతూరికి పనసకాయలకి ఎల్లీవోళ్లం కదా. ఎల్లేటప్పుడూ ఎక్కీవోళ్లం, వొచ్చేటప్పుడూ ఎక్కీవోళ్లం. మజ్జన గెడ్డ ఉండీది. నువ్వా, నా సంకెక్కి కూకున్నావు, నీకేటి తెలుస్తాది!” అని నవ్వింది. గెడ్డంటే వాగు; ఎటు వెళ్లినా అందులోకి దిగి మళ్లీ ఎక్కాల్సిందే కాబట్టి, రెండింటిలో ఏది ఎత్తో దాన్నిబట్టి తేలదు.

కేక ఎంత దూరం వినిపిస్తుందో ఊహించి, పాతూరి చుట్టూ వృత్తం గీశాను. అందులో ఒక పక్క 2,750 గీత ఉంది, ఇంకో పక్క 2,650. ఒకవైపు రాయి ప్రతి వేసవీ ఎండలో నిలబడి ఉంటుంది, ఇంకోవైపు ఎప్పటికీ నీళ్లలోనే. అంతా నీళ్లయ్యాక తనకీ ఆనవాలు దొరకడం లేదని, ఆ చోటు చూపించగల పెద్దవాళ్లు కాలనీలో ఎవరూ మిగల్లేదని అక్క చెప్పింది.

అక్క పడవ మాట్లాడలేదు, కొత్త రాయీ నిలబెట్టలేదు. “నువ్వు సెప్పు, అప్పుడు సూద్దాం,” అంటుంది ఏటేటా. నీళ్లు ఆగేది 2,690 దగ్గర. అమ్మ రాయి నిలబడింది ఎన్ని అడుగుల దగ్గరో, ఆ అంకె అక్కకి నేనింకా బాకీ.