చీర అంచున నేను పొడిచిన రంధ్రాలు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నా మీద వచ్చిన ఒక ఫిర్యాదులో నేనే గెలిచానని ఫోన్‌లో కబురు వచ్చిన మధ్యాహ్నం, నేను గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసి, చీరల కట్టల మధ్య కూర్చుని నవ్వుకున్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. జరిగిన తప్పంతా మా నాయనకు చెప్పాను, పాస్టరమ్మ గారికి చెప్పాను, కానీ ఆ నవ్వు సంగతి మాత్రం దాచుకున్నాను. పదకొండేళ్ళ వయసు నుంచి రోజూ డైరీ రాసే నేను, ఆ రోజు పేజీలో వాన పడలేదని ఒక్క వాక్యం రాసి మూసేశాను.

మాది విరుదునగర్ పక్కన నేతపనివాళ్ళ వీధి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని తెలుగు చదివేవాళ్ళు లేరు. మా అమ్మమ్మ ఈ సాక్ష్యాల పత్రిక పాత సంచికలు ఒడిలో పెట్టుకుని నాకు అక్షరాలు నేర్పింది గనుక ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను. సంఘంలో సాక్ష్యం చెప్పాలని మైకు ముందు నిలబడితే నాకు గొంతు రాదు. అది చూసి పాస్టరమ్మ గారు, "నోటితో చెప్పలేకపోతే కాగితం మీద చెప్పు పాపా, దేవుడు రెండూ వింటాడు" అన్నారు. అందుకే రాస్తున్నాను.

మా నాయనకు నాలుగు మరమగ్గాలు. తాత నేసిన చేమగ్గాన్ని విప్పి అటక మీద పెట్టి చాలా ఏళ్ళయింది. వ్యాపారులు మా సరుకు తీసుకోవడం తగ్గించేశాక, చదువుకున్న పిల్లను గదా అని నేను ఒక అమ్మకాల యాప్‌లో చీరలు పెట్టడం మొదలుపెట్టాను. మొదట నిజమే రాశాను, పవర్‌లూమ్ కాటన్ చీర అని. ఎవరూ కొనలేదు. నెల చూశాను, రెండు నెలలు చూశాను, ఒక రోజు ఆ ఒక్క మాట తీసేసి చేనేత అని రాసి ధర రెట్టింపు చేశాను. అయ్యో సహోదరులారా, ఆ సాయంత్రమే మూడు చీరలు అమ్ముడుపోయాయి!

ఒక మాట మారిస్తే అక్కడితో ఆగిందా, ఆగలేదు. కొనేవాళ్ళలో తెలిసినవాళ్ళు ఉంటారు. చేమగ్గం మీద నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా, రెండు కొసలకూ చిన్న ముళ్ళున్న ఒక కర్రను అడ్డంగా బిగిస్తారు. ఆ ముళ్ళు దిగిన చోట చీర రెండు అంచుల్లోనూ సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. చేనేతకు అదే గుర్తు. ఒకామె, అంచు దగ్గరి నుంచి ఫోటో తీసి పంపమని అడిగింది. నేను పెట్టెలోంచి సూది తీసుకుని చీర అంచు పొడుగునా రంధ్రాలు పొడిచి ఫోటో తీసి పంపాను. తర్వాత అడిగినా అడగకపోయినా పొడవడం అలవాటైంది. మగ్గాల చప్పుడులో ఒక మూల కూర్చుని పొడుస్తుంటే, పిల్ల అంచులు సరిచూస్తోంది అనుకునేది మా అమ్మ.

ఇలా ఉండగా కోవిల్‌పట్టి నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. చేనేత అని చెప్పి మరమగ్గం చీర పంపారు, డబ్బు తిరిగి ఇవ్వాలి అని. తేలేవరకు యాప్ కంపెనీవాళ్ళు ఆ చీర డబ్బే కాదు, నాకు రావలసినదంతా ఆపేసి, ఇద్దరినీ రుజువులు పెట్టమన్నారు. ఇంట్లో నూలుకు డబ్బు లేదు. మా అమ్మ కన్నీళ్ళతో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్ళి, ఎవరో నా బిడ్డ మీద అన్యాయంగా కేసు పెట్టారు, ప్రార్థన చేయండి అని అడిగింది. ఆడవాళ్ళందరూ నా తల మీద చేతులుంచి ప్రార్థించారు! నేను ఇంటికి వచ్చి, అలాంటి ఇంకో చీర అంచు ఫోటో తీసి పంపాను. ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్ళకు రంధ్రాలు కనబడ్డాయి, చాలనుకున్నారు. నాకు డబ్బు విడుదల చేశారు. అవతలివాళ్ళది తప్పుడు ఫిర్యాదు అని తేల్చి వాళ్ళ ఐడి మూసేశారు.

తర్వాతి శుక్రవారం మా అమ్మ లేచి కృతజ్ఞత చెప్పి కానుక వేసింది. అందరూ స్తోత్రం అన్నారు. నేను తల వంచుకున్నాను. సిగ్గరి పిల్ల, ఎంత తగ్గింపో, ఎంత వినయమో చూడండి అని పక్కన ఒక పెద్దమ్మ అంటుంటే విన్నాను. ఆ మాట నాలో దిగిపోయింది. నా అబద్ధానికి నా దేవుణ్ణి సాక్షిగా నిలబెట్టాను, నా సంఘం చేత స్తోత్రం చెప్పించాను! ఆ రోజు నుంచి అన్నం సహించలేదు. ప్రార్థనకు కళ్ళు మూస్తే చీర అంచే కనబడేది. డైరీ తెరిస్తే వాన సంగతి, ఎండ సంగతి తప్ప కలం ముందుకు పోయేది కాదు.

అప్పుడే యాప్‌లో ఆ కోవిల్‌పట్టి ఆర్డరు కింద ఐడి మూసేముందు వాళ్ళు పంపిన ఒక ఆఖరి సందేశం చూశాను. తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు. మా వీధి పేరు, నాయన పేరు పార్సిల్ మీద చూసి మేం తెలుగువాళ్ళమని పోల్చుకున్నట్టుంది. "పాపా, ఆ రంధ్రాలు ఎవరు పొడిచినారు?" అంతే ఉంది. తిట్టు లేదు, శాపం లేదు. తిట్టి ఉంటే నేను తప్పించుకునేదాన్నేమో.

రెండు నెలలు ఆ ప్రశ్నను మోశాను. ఒక శుక్రవారం అందరూ గట్టిగా ప్రార్థిస్తున్నప్పుడు నేను పెదవులు కదపకుండా ఇలా అన్నాను: "ప్రభువా, నాకు తెలివి వద్దు, తెలివి ఇస్తే ఇంకా బాగా దాచుకుంటాను. నాకు గట్టి గొంతు లేదు. చిన్న గొంతుతో చెప్పినా నిజం నిజమే గదా. చెప్పేలోపు నన్ను పారిపోనివ్వకు తండ్రీ." ఏ దర్శనమూ రాలేదు, ఏ స్వరమూ వినబడలేదు. కానీ ఇంటికి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా నేరుగా మగ్గాల దగ్గరికి నడిచాను. అది నా పని కాదు, దేవునికే మహిమ!

చెప్పినదంతా విని మా నాయన మగ్గం ఆపేశాడు. "సూదితోనా పొడిచినావు? ఎన్ని చీరలకే?"

"పద్నాలుగు, నాయనా."

"పద్నాలుగా! ఆ ఓర్పు మగ్గం మీద చూపించింటే నిజంగానే చేనేత నేసుండొచ్చు గదే!" అని నవ్వబోయి, నవ్వలేక ముఖం తుడుచుకున్నాడు. కాసేపటికి, "కంపెనీకి చెప్తే మన అకౌంట్ మూసేస్తారు. నూలు అంగడాయనకి నేనేం చెప్పేది?" అన్నాడు. మగ్గం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "కంపెనీకి తర్వాత రాయి. ముందు ఆమె దగ్గరికి పో. కంపెనీకి ముఖం లేదు, ఆమెకుండాది" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున నాయన ఇచ్చిన డబ్బు కవరు పట్టుకుని బస్సెక్కాను. సాత్తూరు దాటేవరకు దిగిపోదామనే అనుకున్నాను. పార్సిల్ చీటీలో ఉన్న చిరునామా పట్టుకుని ఇల్లు వెతుక్కుని వెళితే, నలభై ఏళ్ళ ఆవిడ తలుపు తీసింది. ఆ ఇంటి కోడలు. ఆర్డరు పెట్టింది ఆమే, చీర మాత్రం అత్త కోసం; అది మరమగ్గం చీర అని పట్టుకుని ఫిర్యాదు, ఆ ఆఖరి సందేశం రాయించింది ఆ అత్తే. నేనెవరో చెప్పగానే నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఓహో, గెలిచిన పాప నువ్వేనా? మా ఐడి మూయించినావు, ఇప్పుడు ఇల్లు మూయించేదానికి వచ్చినావా?"

"లోపలికి రానీయే. వాకిట్లో నిలబెట్టి ఏం మాటలు!" అని లోపలి నుంచి ఒక ముసలి గొంతు వినబడింది.

చాప మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది అవ్వ. వేళ్ళు వంకర తిరిగిపోయి ఉన్నాయి. కోడలు వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను అవ్వ ఎదురుగా కూర్చుని, నేల చూస్తూ, "అవ్వా, మీరు చెప్పిందే నిజం. అది మరమగ్గం చీర. రంధ్రాలు నేనే పొడిచినాను" అన్నాను.

"ఏంది? వినబడలా."

మళ్ళీ చెప్పాను.

"ఇంకా గట్టిగా చెప్పు. నాకు మొదటిసారే వినబడింది పాపా. వంటింట్లో ఉండే ఆమెకి వినబడాల."

సహోదరులారా, అప్పుడు నాకు విషయం అర్థమైంది. నేను తీసుకున్నది డబ్బు మాత్రమే అనుకుంటూ వచ్చాను. అవ్వ చెప్పింది వినండి. "రెండు నెలలుగా ఈ ఇంట్లో నా మాటకి విలువ లేదు. చారులో ఉప్పు తక్కువుండాదే అంటే, ఉండత్తా, కంపెనీవాళ్ళని అడుగుదాం అంటాది. పన్నెండేళ్ళకే మగ్గం ఎక్కినదాన్ని నేను. నాకు తెలీదంట, ఎవరికో ఫోటో చూసి తెలిసిందంట!"

నేను లేచి నిలబడ్డాను. కళ్ళు మూసుకుని, నాకున్న గొంతంతా పెట్టి, "అవ్వ చెప్పిందే నిజం! అబద్ధం చెప్పింది నేను!" అన్నాను. నా గొంతు అంత పెద్దగా నేనే ఎప్పుడూ వినలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

అవ్వ ఆ చీర తెప్పించి నా ఒడిలో పరిచింది. "ఇట్ల చూడు. నాలుగు వేళ్ళ మేర నేసి కర్రని ముందుకి జరుపుతాం. ముళ్ళు గుంపుగా దిగుతాయి, బట్టని లాగతాయి, రంధ్రం కోలగా సాగుతాది. నువ్వు రైలు పట్టాల మాదిరి ఒకటే వరస పొడిచినావు. మగ్గం ఎప్పుడన్నా చూసినావా?"

"అటక మీద చూసినానవ్వా" అన్నాను. అవ్వ భుజాలు కదిలేలా నవ్వింది. కవరు తీసుకుని దిండు కింద పెట్టుకుంది, చీర మడిచి నా చేతికిచ్చింది. క్షమించాను అనలేదు, నేనూ అడగలేదు. "కూర్చో, కాయలు ఒలువు" అంది. మధ్యాహ్నం దాకా ఇద్దరం కాయలు ఒలిచాము. నా లోపల ఎంత నెమ్మది! ఆ పూట నాకు ఆకలి వేసింది, రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

ఇంటికి వచ్చి కంపెనీకి అంతా రాశాను, అవ్వవాళ్ళ ఐడి తెరవమని కూడా రాశాను. వాళ్ళది తెరిచారు, నాది మూసేశారు. చేనేత అని నమ్మి కొన్న మిగతావాళ్ళందరికీ నేనే కబురు పెట్టాను; కొందరు డబ్బు వెనక్కి అడిగారు, కొద్దికొద్దిగా ఇస్తున్నాను, కొందరు ఉండనీలే అన్నారు, ఒకామె నోటికొచ్చినట్టు తిట్టింది. ఇప్పుడు నాయన మరమగ్గం చీరలను మరమగ్గం చీరలనే చెప్పి సాత్తూరు అంగళ్ళకు వేస్తున్నాడు. చేతికి వచ్చేది తక్కువే. నూలుకు ఇబ్బంది తీరలేదు. దేవుడు మమ్మల్ని ధనవంతులను చేశాడని నేను చెప్పను, మళ్ళీ అబద్ధం అవుతుంది. సంఘంలో మా అమ్మ లేచి, ఆ రోజు చెప్పిన కృతజ్ఞత తప్పు అని చెప్పింది. తర్వాత నన్ను తగ్గింపుగలదన్న ఆ పెద్దమ్మే, "మనం తప్పుగా అడిగినా ఆయన సరిగ్గానే జవాబిచ్చినాడు" అంది. స్తోత్రం!

నా ప్రియులారా, కొనేవాళ్ళు అమ్మేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడని కాలం ఇది. ఫోటో చాలు, గెలవొచ్చు. గెలిచి గదిలో కూర్చుని నవ్వుకోవచ్చు కూడా. అలాంటి గెలుపు మీ దగ్గర ఏదైనా ఉంటే, దాన్ని మోసుకుంటూ ఇంకో రోజు గడపకండి. మీ గొంతు ఎంత చిన్నదైనా సరే, ఆయన్ని నమ్మి తలుపు తట్టండి. నన్ను పారిపోనివ్వని ప్రభువు మిమ్మల్నీ విడిచిపెట్టడు. పిరికిదాన్ని నడిపించిన ఆయనకే సమస్త ఘనత, మహిమ కలుగును గాక!

మీ ప్రార్థనల్లో ఆ ఇంటి కోడలిని కూడా తలచుకోమని అడుగుతున్నాను. అన్నం వడ్డించేటప్పుడు కూడా ఆమె నాతో గాని అత్తతో గాని ఒక్క మాట మాట్లాడలేదు. కానీ నేను బయలుదేరితే చెప్పులేసుకుని నా వెంట వచ్చింది. బస్టాండు దాకా నా పక్కనే నడిచింది. విరుదునగర్ బస్సు వచ్చి నిలబడి, నేను మెట్టెక్కుతుంటే నా మోచేయి పట్టుకుని, మెల్లగా, ఇంచుమించు నా గొంతంత చిన్న గొంతుతో అడిగింది:

"మా అత్తకి నేను కూడా తప్పైందని చెప్పాల గదా చెల్లీ... మొదటి మాట ఏమని మొదలుపెట్టేది?"