ఇటలీ పాటకు పల్లవి

కంచికి చేరిన కథను చెయ్యి పట్టుకుని మళ్ళీ మొదటికి లాక్కొచ్చిన తెలివితక్కువవాణ్ణి నేను. అదీ ఇటలీ భాషలో, అదీ నిండు సభలో. ఈ ఉదయం సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్‌లో, స్నానాల గదిలోంచి సబ్బు వాసనతోపాటు మా అమ్మాయి కూనిరాగం తేలివచ్చింది. అదే పాట. దాని వెనకే కమలా ఆంటీ పియానో మూత తీసిన చప్పుడు వినిపించినట్టయింది. ఆవిడ పోయి రెండేళ్ళు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని లోకం బెంగపడుతున్న రోజుల్లో, ఆ బెంగ పుణ్యమా అని ఉద్యోగం దొరికి సింగపూర్ వచ్చాను. వుడ్‌ల్యాండ్స్‌లో కమలా ఆంటీ ఇంట్లో ఒక గదిలో అద్దెకు దిగాను. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం వాళ్ళది; తెలుగు మాట్లాడినా అరవవాళ్ళలా నన్ను "తంబీ" అనేవారు, మాట చివర సింగపూర్ తోక "లా" తగిలించేవారు. ఆవిడ పిల్లలకు పియానో నేర్పేవారు. పగలంతా ప్రోగ్రాముల్లో తప్పులు వెతికినందుకు ఆఫీసువాళ్ళు నాకు జీతమిచ్చేవారు; సాయంత్రం నాలో తప్పులు వెతికే పని ఆంటీ ఉచితంగా చేసేవారు.

ఆవిడ ప్రాణస్నేహితురాలు లూచియా ఇటలీ మనిషి. కన్నుమూసే ముందు ఒక కథాగీతం రాసిచ్చింది. ఆంటీ దానికి బాణీ కట్టి, ఒక్కసారైనా వేదిక మీద పాడిస్తానని మాటిచ్చారు. ఇక్కడ జరిగే అంతర్జాతీయ పాటల పోటీకి అది ఎంపికైంది కూడా. తీరా పోటీ దగ్గరపడ్డాక, పాడవలసినతను కంపెనీ పని మీద విదేశం చెక్కేశాడు.

"తంబీ, బాత్రూంలో బాగానే పాడతావు కదా?" అన్నారు ఆంటీ.

"ఇడ్లీ తప్ప ఇటలీ ఎరగను, ఆంటీ!"

"తెలుగు అక్షరాల్లో రాసిస్తాను లా. నువ్వూ కాదంటే లూచియా పాట పెట్టెలోనే ఉండిపోతుంది."

ఇంకేమంటాను? పాటలో, సముద్రం మీదికి వెళ్ళిన భర్త కోసం ఒకావిడ కిటికీ దగ్గర ఎదురుచూస్తూ "ఇంకా రాలేదే" అంటూ మొదలుపెడుతుంది. మూడో చరణంలో అతను వచ్చేస్తాడు. కథ సమాప్తం. కానీ చరణం కాగానే పల్లవి ఎత్తుకోకపోతే తెలుగు గొంతుకు తోచదు. సాధనలో ప్రతిసారీ మొదటికి పోయేవాణ్ణి. ఆంటీ పియానో ఆపేసేవారు. "ఇది కథ, తంబీ. కథ వెనక్కి పోదు."

పోటీనాడు రెండు చరణాలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని దాటాను. మూడో చరణంలో భర్త ఇల్లు చేరాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో నా గొంతు హాయిగా "ఇంకా రాలేదే" అని అందుకుంది. ఆంటీ వేళ్ళు ఒక్క క్షణం ఆగి, నా వెనక పరిగెత్తాయి.

"ఇల్లు చేరినవాణ్ణి మళ్ళీ సముద్రంలోకి తోసేశావు కదయ్యా!" అన్నారు తెర వెనక్కి రాగానే. న్యాయనిర్ణేతల్లో ఉన్న ఇటలీ పెద్దాయన వచ్చి, "నావికుడే కదమ్మా, మళ్ళీ వెళ్ళి ఉంటాడు" అని ఇంగ్లీషులో ఓదార్చాడు. బహుమతి రాలేదు. ఇంటికి వస్తూ రైల్లో ఆంటీ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. "లూచియా ఉంటే నాకంటే ఎక్కువ నవ్వేది. పాడించాను, అంతే చాలు."

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ నన్ను "మొగుణ్ణి ముంచినవాడు వీడే" అని పరిచయం చేశారు. నేను ఓపిక పట్టాను. ఆవిడ మనవలకూ మా అమ్మాయికీ ఆ పాట నేర్పాను, నా పద్ధతిలో.

ఎనభయ్యో పుట్టినరోజున ఆంటీ పియానో ముందు కూర్చున్నారు. మూడో చరణం ముగిసింది, పియానో మెట్ల మీద నుంచి చేతులు ఎత్తేశారు. పిల్లలంతా ఒక్క గొంతుతో పల్లవి ఎత్తుకున్నారు. ఆంటీ నా వైపు తిరిగారు. నేను కేకు మీది పువ్వుల్ని శ్రద్ధగా పరిశీలిస్తున్నాను.

"కథ వెనక్కి పోదని చెప్పానా, లేదా?"

"పోదు, ఆంటీ. మేమే వెళ్ళి తెచ్చుకుంటున్నాం."

ఆంటీ నవ్వు ఆపుకుంటూ చేతులు మళ్ళీ మెట్ల మీద పెట్టారు.