వస్తానన్న మనిషి

తెల్లవారి గంట మోగకముందే ఆవిడ నేల తుడిచేసుకునేది. ప్రార్థనమందిరంలో ఆ గంట కొట్టేది ఆవిడ భర్తే. అందరికీ ఆయన గంటబాబాయి. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ "వస్తా" అనేవాడు. ఈవిడ లోపలినుంచి "ఊఁ" అనేది. గంట కొట్టొచ్చి, పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, ఆ తడికాళ్ళతోనే లోపలికొచ్చేవాడు.

"ఇప్పుడే తుడిచానండీ!"

"నేలుండేది నడవడానికేగా, నెత్తిన పెట్టుకోవడానికా?"

ఆ గంట దగ్గరే నిచ్చెన మీంచి జారిపడి చనిపోయాడు. ఇప్పుడు వేరే చెయ్యి కొడుతోంది. ఈవిడ నేల తుడవడం గంట మోగిన తర్వాతకి మారింది. గంట ఆగగానే గుమ్మం నుంచి వంటింటిదాకా తడి అడుగులు పడుతున్నాయి మరి. కుడికాలి మడమ ఆనని ఆయన అడుగులే. ఎవరి కంటా పడకుండా తుడిచేస్తోంది.

తోటికోడలి కంట పడనే పడ్డాయి. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి మందిరం పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"పోయినవాళ్ళు దేవుడి దగ్గరుంటారమ్మా. తిరిగొచ్చేది దేవుడు పంపింది కాదు. రేపు ప్రార్థనలో అందరి ముందూ అది మాయ అని చెప్పు. లేదంటే ఇక ప్రార్థనలో అతని పేరు తలవం."

ఆ పేరు అక్కడ వినబడుతుందనే కదా ఇన్నాళ్ళూ వెళ్తున్నది!

"ఒక్క మాటేగా అక్కా, అనేస్తే పోలా?" అంది ఆయన వెనకే వచ్చిన తోటికోడలు.

"ఆయన్ని ఒక్కసారి చూపించమని రోజూ దేవుణ్ణే అడిగానయ్యా. అడిగింది దేవుణ్ణైతే, పంపింది ఇంకొకరని ఎట్లా అనను?"

"దేవుడి సంగతి మాకు తెలీదా?" పెద్దాయన విసురుగా లేచాడు. గుమ్మం దాటుతూ అలవాటుగా, "వస్తానమ్మా" అన్నాడు.

"చూశారా, మీరూ వస్తాననే అన్నారు. పోతానని ఎవరంటారయ్యా? ఆయనా ఆ మాటే అని వెళ్ళాడు."

పెద్దాయన ఒక కాలికే చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకునే వీధిలోకి నడిచాడు.

మర్నాడు గంట మోగి ఆగింది. పంపు చప్పుడైంది. వీధిలో జనం ప్రార్థనకు వెళ్తున్నారు. ఆవిడ తలుపు బార్లా తీసింది. బకెట్‌లో నానబెట్టిన నేల తుడిచే గుడ్డని గట్టిగా పిండి, తీగ మీద ఆరేసింది. గోడకి ఆనుకుని కూర్చుని, "ఊఁ" అంది. నేల మీద తడి అడుగులు వీధిలోకి కనబడుతూ అలాగే ఉన్నాయి.