ఐదో పుల్ల

ఎవరేం చెప్పినా "ఎట్ల తెలుసు?" అని అడగడం పశువైద్య కళాశాల నాకు అంటించిన అలవాటు. మెదక్ పట్టణ శివారులో కాకులు చచ్చి పడుతున్నాయని తెలిసి, ఇంటింటి కోళ్ల నమూనాలు తీయడానికి ఆఖరి ఏడాది విద్యార్థులమైన మమ్మల్ని పంపినప్పుడు ఆ అలవాటూ నా వెంట వచ్చింది.

వాడ చివరి ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ ఒక్కతే బతికే ఒకావిడ ఉండేది. ఆమెకు ఐదు కోళ్లు. నాలుగింటి గొంతుల్లో దూది పుల్లలు తిప్పి తీశాం. ఐదోది మూలన గంపలో గుడ్లు పొదుగుతోంది.

"దాన్ని ముట్టకు బిడ్డా. పరాయి చెయ్యి తగిలితె మల్ల గుడ్ల మీద కూసోదు."

"అట్లని ఎట్ల తెలుసమ్మా?"

"నువ్వు పుట్టకముందు నుంచి కోళ్లు సాకుతున్న. కోడి నాకు కాయిదం రాసిస్తదా?"

నా సహాధ్యాయి ఫక్కున నవ్వాడు. గోడ మీద బొగ్గుతో రోజుకొకటిగా గీసిన పద్నాలుగు గీతలున్నాయి. పిల్లలు కావడానికి ఇంకో వారం. రుజువు లేకుండానే ఆమె మాట మన్నించాను.

తప్పు ఆ తర్వాత జరిగింది. ఒక్కో సీసాలో ఐదు పుల్లలు వేయాలి, అన్నీ ఒకే ఇంటివై ఉండాలి. నాలుగే దొరికితే నాలుగే అని రాయవచ్చు. కానీ ఫారంలో ఒక గడి ఖాళీగా ఉంటే తట్టుకోలేని చదువు మాది. సహాధ్యాయి పక్కింటి పుంజును పట్టుకున్నాడు. ఐదో పుల్ల దాని గొంతులో తిప్పి, ఆ సీసాలోనే వేసి, ఆమె ఇంటి నంబరు నేనే రాశాను.

వారం తిరగకుండా ఆ సీసాలో బర్డ్ ఫ్లూ వైరస్ ఉందని తేలింది. చుట్టూ కిలోమీటరు మేర కోళ్లన్నిటినీ చంపాలి. ముఖాలకు మాస్కులతో, చేతుల్లో సంచులతో మళ్లీ ఆ వాడకే వెళ్లాం. సీసా ఏ ఇంటిదో తెలిసి జనం అప్పటికే ఆ రెండిళ్ల నడిమి గోడ దగ్గర చేరారు.

"నీ కోళ్లే తెచ్చినయ్ గదక్కా," అంటోంది పక్కింటామె. "వాడంత ఆగం జేసినవ్. ఇగ నీ చేతి బీడీలు ఎవడు తాగుతడు?"

"మీ పుంజు ఏదక్కా?" అని నేనామెను అడిగాను.

"అల్లుడొచ్చిండు, కోసినం." చూపు పక్కకు తిప్పుకుంది.

కోశారో, చస్తే పూడ్చారో నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే: బీడీల ఆవిడ కోళ్లు ఐదూ ఆరోగ్యంగా ఉన్నాయి. సోకిన కోళ్లు ఇన్ని రోజులు అలా ఉండటం అసాధ్యమనను, అరుదంటాను. మా పై డాక్టరుకు సీసా సంగతి చెప్పాను.

"కిలోమీటరు అంటే కిలోమీటరే. ఎవరిదైనా పోవుడు పోవుడే. జనం ముందల గీ ముచ్చట తియ్యకు, పని ఆగుతది," అన్నాడాయన.

ఆయన లెక్క సరైనదే. వైరస్ ఎవరి కోడిదైనా కోళ్లన్నీ పోయేవే. మిగిలేది ఆమె పేరుకు అంటిన మచ్చ ఒక్కటే.

గోడ మీద ఇరవై ఒక్క గీతలున్నాయి. పొదిగే కోడిని నేనే లేపాను. పరాయి చెయ్యి అని ఈసారి ఆమె అనలేదు. ఒక గుడ్డుకు సన్నని చీలిక. చేతి తొడుగులోంచి కూడా లోపలి పిల్ల ముక్కు తాకిడి నా వేలికి తెలిసింది. దాన్నీ సంచిలో వేశాను.

అప్పుడు ఆమెకు మాత్రమే వినపడేలా ఐదో పుల్ల సంగతి చెప్పాను.

"నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా? గోడవతలోళ్లకు చెప్పు."

తర్వాతి ఇల్లు అదే. గోడ చుట్టి అక్కడికి నడిచాను. పక్కింటామె తన పెట్టలను తట్ట కింద మూసి ఉంచింది.

"అంత ఆమె పాపమే గద బిడ్డా?" అని అడిగింది.

గోడకు ఆవల ఆమె కదలకుండా నిలబడి ఉంది, వినడానికి.

"తట్ట లేపుండ్రి," అన్నాను. సంచి మూతి విప్పాను.