ఇప్పపూల కాలంలో ఫుట్‌బాల్

మొన్న ఖమ్మంలో ఒక పెళ్లి విందులో ఇప్పపువ్వు లడ్డూ వడ్డించారు. ఇప్పుడది ఆరోగ్యానికి మంచిదట, డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారట. పక్కనున్నావిడ "ఎలా ఉందండీ?" అని అడిగింది. ఇంకొక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాను. ఆ వగరు తీపి నాలుక మీద కరుగుతుంటే సన్నాయి ఎక్కడికో దూరంగా వెళ్లిపోయింది. ఎండుటాకుల మీద పువ్వు రాలే చప్పుడు మాత్రం దగ్గరగా వినిపించింది.

భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న కాలేజీలో నేను ఎకనామిక్స్ చెప్పేదాన్ని. ఆటల సారు బదిలీ అయి వెళ్లాక ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. ఒకరోజు ప్రిన్సిపాల్ గారు స్టాఫ్‌రూంలోకి వచ్చి చుట్టూ చూశారు. అందరూ తలలు వంచుకున్నారు, నాకు కాస్త ఆలస్యమైంది. "ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఇక మీదే మేడమ్" అన్నారు. "నాకు ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదండీ" అన్నాను. "వాళ్లకూ తెలియదు లెండి" అని వెళ్లిపోయారు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఆ జట్టు ఆడిన ప్రతిచోటా ఓడింది, ఒక్క గోల్ కూడా వేసి ఎరగదు.

మొదటి వారమే బంతి కుట్లు ఊడిపోతే, బజారులో చెప్పులూ బ్యాగుల జిప్పులూ బాగుచేసే చాచా దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీంతోని ఎవరు ఆడుతున్నరు మేడమ్?" అని అడిగాడు. పడుచుతనంలో ఆయన బొగ్గుగనుల జట్టులో ఆడినవాడట. ఆ సాయంత్రం నమాజు ముగించుకుని, పాత ప్యాంటొకటి వెతికి వేసుకుని గ్రౌండుకి వచ్చాడు. ఆ తరువాత ఏ సాయంత్రమూ మానలేదు.

మా పిల్లలు చాలామంది అడవి ఊళ్లవాళ్లు, హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లు. క్లాసులో ప్రశ్న వేస్తే బెంచీ వైపు చూసేవాళ్లు. గ్రౌండులో కూడా అంతే, కాళ్లు పరుగెత్తేవి గానీ నోరు పెగిలేది కాదు. "ఆట మంచిగనే ఉన్నది, నోరే లేదు" అని చాచా దిగులుపడ్డాడు. "పిలవకుంటే బంతి ఎట్ల వస్తది బేటా? సరే, మీ ఇంట్ల ఎట్ల పిలుచుకుంటరో గట్లనే పిలవుండ్రి." ముందు ఒకరు కోయభాషలో మెల్లగా పిలిచారు. ఇంకొకరు బదులిచ్చారు. కాసేపటికి గ్రౌండంతా కేకలే. మైదాన ప్రాంతం, మధిర వైపు నుంచి వచ్చిన నాకు ఒక్క మాటా అర్థం కాలేదు. ఇన్నాళ్లూ వీళ్లవి చిన్న గొంతులనుకున్నానే అని సిగ్గుపడ్డాను.

వైరాలో ఆడినప్పుడు మా కెప్టెన్ మొదటి గోల్ వేసింది. వేసి, కిటికీ అద్దం పగలగొట్టిన దానిలా బిక్కచచ్చి నిలబడిపోయింది. చాచా రుమాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆ రోజు గెలిచాం, ఆ తరువాతా గెలిచాం. ఎండలు ముదిరేసరికి, ఎవరూ నమ్మకపోయినా, ఖమ్మంలో ఆడబోయే ఫైనల్లో మా పేరు ఉంది.

సరిగ్గా అప్పుడే మా గోల్‌కీపర్ కనిపించకుండా పోయింది. పొడుగాటి పిల్ల, మాట తక్కువ, బంతి ముఖానికి తగిలినా కళ్లు మూసేది కాదు. ఆ స్థానంలో నిలబెట్టడానికి మాకు ఇంకొకరు లేరు. ఫైనల్‌కి నాలుగు రోజులుందనగా చాచానీ కెప్టెన్‌నీ తీసుకుని వాళ్ల ఊరు వెళ్లాను. తల్లీ కూతుళ్లు ఇప్పచెట్టు కింద వంగి పూలు ఏరుతున్నారు. తండ్రి కాలు విరిగి మంచం మీద ఉన్నాడు.

నన్ను చూడగానే పిల్ల తల దించుకుంది. "అమ్మ ఒక్కతే అయితది మేడమ్" అంది.

"ఆట మల్లొక రోజు పెట్టుకోరాదా మేడమ్?" అని తల్లి అడిగింది. ఆ గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే అడిగింది. "పువ్వు ఆగది. ఇయ్యాల ఏరకుంటే రేపు ఎలుగులు తింటయి. ఏడాదికి ఒక్కపారే గదా, ఇది సంతల అమ్మితేనే ఇల్లు గడిసేది."

తిరుగు దారిలో కెప్టెన్ జీపు కిటికీలోంచి బయటికి చూస్తూ అంది, "మేమందరం ఏరితే అయిపోతది గద మేడమ్."

మర్నాడు తెల్లవారకముందే కిరాయి జీపులో జట్టంతా అక్కడుంది. ఆ మూడు పొద్దులు నేను నిజంగా చూశానా, కలగన్నానా అని ఇప్పటికీ అనుమానమే. తెల్లవారుజాము మసకలో చెట్టు ఉండీ లేనట్టుండేది. ఆకులన్నీ రాల్చేసిన కొమ్మల నుంచి పాలరంగు పువ్వు ఒక్కొక్కటే దిగేది, ఎవరో పైనుంచి జాగ్రత్తగా అందిస్తున్నట్టు. పిల్లలు రెండు చేతులా ఏరేవాళ్లు. వంగలేని చాచా మోకాళ్లు పట్టుకుని కూర్చుని, తన చుట్టూ రాలినవే ఏరేవాడు. నా గంపలో పూల కంటే ఆకులే ఎక్కువని తల్లి నవ్వేది. ఎండ పైకొచ్చాక, ఊడ్చిన నేల మీద పూలు ఆరబోసి, ఆ పక్కనే బంతి ఆడేవాళ్లు. వాళ్ల ఒంటి మీద, జుట్టులో, ఊపిరిలో కూడా అదే మత్తు వాసన.

మూడో రోజు తల్లే అంది. "శాన పువ్వయింది, ఇగ పిల్లను తీస్కపోండ్రి. నేను గూడ వస్త. మా పిల్ల గాడ ఏం పని చేస్తదో సూడాలె."

ఫైనల్ రోజు ఆమె నా పక్కనే కూర్చుంది. చాలాసేపు ఓపిగ్గా చూసి నా చెవిలో అడిగింది, "అందరు ఉరుకుతున్నరు, మా పిల్ల ఒక్కతే ఊకె నిలబడ్డదేంది? దానికి పని చెప్పలేదా?" నేను వివరించే లోపే అవతలివాళ్లు గోల్ వేసేశారు. రెండో సగంలో కెప్టెన్ దాన్ని సమం చేసింది. చివర్లో అవతలి జట్టు మా మీద విరుచుకుపడింది. గోల్‌కీపర్ ఒక బంతిని గాల్లోకి ఎగిరి తోసేసింది, ఇంకొకదాన్ని నేల మీద పడి గుండెకు హత్తుకుంది. మోచేయి చీరుకుపోయింది. తల్లి లేచి నిలబడింది. "అవ్, ఇప్పుడు ఎరుకైంది" అంది. "ఇల్లు కావలి గాస్తున్నది."

ఒకటీ ఒకటితో సమయం ముగిసింది. పెనాల్టీలకు సిద్ధమవుతుండగా గాలిదుమారం లేచి, వెనకే వడగళ్లు. టెంటు ఎగిరిపోయింది, గ్రౌండు మడుగైంది. వరండాలో తడిసి వణుకుతూ నిలబడ్డ రెండు జట్లనూ విజేతలుగా ప్రకటించారు. కప్పు మాత్రం ఒక్కటే. చెరో ఆరు నెలలు ఉంచుకోండి అన్నారు. ముందెవరికో టాసు వేస్తే మా కెప్టెన్ గెలిచింది. అవతలి పిల్లలు మావాళ్ల చేతులు ఊపి, "ఆరు నెలలకి వస్తం, మంచిగ చూస్కోండ్రి" అన్నారు. ఇంటికి వచ్చేదాకా కప్పు ఒకరి ఒడిలోంచి ఒకరి ఒడిలోకి మారుతూనే ఉంది.

వాళ్లు రాలేదు. వాళ్ల కాలేజీ మేడమ్ ఎక్కడికో బదిలీ అయిందన్నారు, ఆ పిల్లల చదువులు ముగిశాయి. మా పిల్లలూ ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. చాచా పోయాడు, నేను రిటైరయ్యాను. కప్పు ఇంకా ప్రిన్సిపాల్ గది అద్దాల బీరువాలోనే ఉందట. మాకిచ్చిన ఆ ఆరు నెలలు ఇప్పటికీ పూర్తి కాలేదు.